రెండు లక్షలకు ఏడు సీట్ల డాట్సన్: కొనాలా, వద్దా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పూతలపట్టు. ఇంట్లో ఆరుగురం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల పాప, అయిదేళ్ల బాబు, అత్తమ్మ, మామయ్య. మామయ్యకు మోకాళ్ల నొప్పులు, షుగర్. నెలకు రెండుసార్లయినా తిరుపతిలో ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇన్నాళ్లూ బస్సు, లేదంటే బాడుగ కారు. ఇప్పుడు చీటీ డబ్బులు రెండు లక్షలు చేతికొచ్చాయి. మా ఆయన స్నేహితుడు తన 2016 మోడల్ డాట్సన్ గో ప్లస్ లక్షా తొంభై వేలకు ఇస్తానంటున్నాడు. 61 వేల కిలోమీటర్లు తిరిగింది. వేలూరులో ఒక బ్రోకర్ దగ్గర 2019 మోడల్ గో ప్లస్ మూడు లక్షల పది వేలకు ఉంది, తమిళనాడు రిజిస్ట్రేషన్. మా తమ్ముడేమో "కంపెనీనే మూసేశారు, రేపు పార్టు పోతే ఎవరిని అడుగుతావక్కా" అంటున్నాడు. మా ఆయన "ఈ ధరకు ఏడు సీట్లు ఇంకెక్కడొస్తాయి" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

సమాధానం: అమ్మా, ముందు తేల్చి చెప్పేస్తాను. 2016 కారు వద్దు. ఇంకో ఇరవై వేలు తగ్గించినా వద్దు, స్నేహితుడని మొహమాటపడి అసలే వద్దు. వేలూరు కారును కొన్ని షరతుల మీద చూడొచ్చు. అయితే వద్దనడానికి నా కారణం మీ తమ్ముడు చెప్పింది కాదు. ఆ అబ్బాయి భయం సగమే నిజం. మీ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోని విషయం ఒకటుంది, దానికోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

తమ్ముడి భయం సంగతి మొదట చూద్దాం. డాట్సన్ అనేది నిస్సాన్ కంపెనీ వాళ్ల పాత పేరు. 1980లలో పక్కన పెట్టేసిన ఆ పేరును, తక్కువ ధర కార్ల కోసం మళ్లీ తెస్తున్నామని 2012 మార్చిలో అప్పటి నిస్సాన్ అధినేత కార్లోస్ ఘోన్ ప్రకటించారు. ఇండియా, ఇండోనేషియా, రష్యా లాంటి దేశాల్లో మొదటిసారి కారు కొనే కుటుంబాలు వాళ్ల లెక్క. 2014 మార్చిలో మన దగ్గర 'గో' వచ్చింది, 3 లక్షల 12 వేల నుంచి మొదలు. 2015 జనవరిలో ఏడు సీట్ల 'గో ప్లస్', 3 లక్షల 79 వేల నుంచి. 2016లో అన్నిటికంటే చిన్నది, 'రెడి గో'. ఇవన్నీ తయారైంది మనకు దగ్గర్లోనే, చెన్నై పక్కన ఒరగడంలో. అనుకున్నంత అమ్ముడుపోలేదు. 2020లో ఇండోనేషియా, రష్యాల్లో ఆపేశారు, 2022 ఏప్రిల్‌లో ఇక్కడా ఆపేశారు. అంటే పోయింది డాట్సన్ పేరు. నిస్సాన్ ఇంకా ఇక్కడ కార్లు అమ్ముతూనే ఉంది. డాట్సన్ ఆపేసిన రోజున కూడా సర్వీసు, పార్టులు తమ డీలర్ల దగ్గర కొనసాగుతాయనే చెప్పింది.

పైగా గో ప్లస్‌లో ఉన్న 1.2 లీటర్ల మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ కొత్త ప్రయోగమేమీ కాదు, నిస్సాన్ మైక్రాలో వాడిన ఇంజిన్ కుటుంబమే. టైమింగ్ బెల్టు ఉండదు, చైన్ ఉంటుంది. కాబట్టి కొన్నేళ్లకోసారి బెల్టు మార్చే ఖర్చు లేదు. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్ లాంటి అరిగిపోయే సామాన్ల గురించి నేనైతే టెన్షన్ పడను. ఇబ్బంది ఎక్కడంటే బాడీ పార్టుల్లో. బంపర్, హెడ్‌లైట్, డోర్, డిక్కీ అద్దం లాంటివి ఆర్డర్ పెట్టి ఎదురుచూడాల్సి రావచ్చు. అందుకని డబ్బు ఇచ్చే ముందు మీకు దగ్గర్లోని నిస్సాన్ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, ఈ మోడల్ ముందు బంపర్, ఎడమవైపు హెడ్‌లైట్ కావాలంటే ఎన్ని రోజులు పడుతుంది, ఎంతవుతుంది అని అడగండి. వాళ్లిచ్చే జవాబుతో తమ్ముడి అనుమానం అటో ఇటో తేలిపోతుంది. తిరిగి అమ్మేటప్పుడు ధర పలకదన్న మాట నిజమే. కానీ మీరు కొనేదే ఆ తగ్గిన ధరకు కదా, ఆ నష్టంలో పెద్ద భాగం మొదటి ఓనర్ భరించేశాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఆయన అడిగిన ప్రశ్న మంచిది. ఈ ధరకు ఏడు సీట్లు ఎలా వచ్చాయి?

మన దేశంలో కారు పొడవు నాలుగు మీటర్లలోపు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీలోపు ఉంటే పన్ను తక్కువ. గో ప్లస్ పొడవు 3995 మిల్లీమీటర్లు, ఇంజిన్ 1198 సీసీ. గీత దాటకుండా సరిగ్గా గీత పక్కనే నిలబెట్టారు. అయిదు సీట్ల గో పొడవు 3785 మిల్లీమీటర్లు. అంటే మూడో వరుస కోసం పెంచింది ఇరవై ఒక్క సెంటీమీటర్లు. మీ బాబు చేతిని చాపి నేలమీద పెట్టి చూడకండి, మీ ఆయన చెయ్యి పెట్టి చూడండి, ఒక జానెడు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెండు కార్లకూ ఒకటే, 2450 మిల్లీమీటర్లు. కాబట్టి ఆ పెంచిన జానెడూ వెనక చక్రం అవతలే ఉంది. మూడో వరుసలో ఎవరు కూర్చున్నా వాళ్ల తల వెనకాలే డిక్కీ అద్దం, ఆ అద్దం వెనకాలే రోడ్డు. ఏడు సీట్లూ ఎత్తి ఉంచితే సామాను పెట్టుకోవడానికి మిగిలేది 48 లీటర్ల చోటు, రెండు చేతిసంచులకు సరి.

కొనేటప్పుడు అందరూ ఏమనుకుంటారంటే, "వెనక పిల్లల్ని కూర్చోబెడదాంలే, వాళ్లకు సరిపోతుంది" అని. మీరూ అదే అనుకుని ఉంటారు. సరిపోవడం వరకూ సరిపోతుంది. కానీ పూతలపట్టు నుంచి తిరుపతికి ఏ రోడ్డు మీద వెళతారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గ్రానైటు రాళ్ల లారీలు, మామిడి సీజన్‌లో కాయల బండ్లు, కాణిపాకం, తిరుమల దర్శనానికి రాత్రంతా నిద్ర లేకుండా నడిపి వచ్చే డ్రైవర్లు. ఈ రోడ్డు మీద వెనకనుంచి ఎవడైనా గుద్దితే ముందుగా దెబ్బ తగిలే చోట ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టడం నాకు మనసొప్పదు.

ముందు భాగం సంగతి అంతకంటే బాధాకరం. 2014 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ డాట్సన్ గోను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి పరీక్షించింది. పెద్దల రక్షణకు సున్నా నక్షత్రాలు వచ్చాయి. ఎయిర్‌బ్యాగ్ లేకపోవడం ఒక్కటే కారణమైతే అదొక తీరు. బాడీ నిర్మాణమే ఎంత బలహీనంగా ఉందంటే, ఇందులో ఎయిర్‌బ్యాగ్ పెట్టినా ఉపయోగం ఉండదని ఆ సంస్థ చెప్పింది. సంస్థ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ ఆ కారును అమ్మకాల నుంచి వెనక్కి తీసుకోమని ఘోన్‌కు లేఖ కూడా రాశారు. గో ప్లస్ ఆ గో కారు పొడిగింపే. మీ ఆయన స్నేహితుడి 2016 బండి ఆ కాలపుదే. అందులో ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉండదు. ఎయిర్‌బ్యాగ్ ఉంటే గింటే పై వేరియంట్‌లో డ్రైవర్‌కు ఒకటి. మామయ్య కూర్చునే ముందు సీటుకు ఏమీ ఉండదు.

అందుకే వద్దన్నాను. స్నేహితుడు బండిని ఎంత అపురూపంగా చూసుకున్నా, పక్కాగా సర్వీసు చేయించినా ఈ లోటు తీరదు. ఇంజిన్ బాగాలేకపోతే బాగు చేయించుకోవచ్చు. తయారీలోనే లేని బలాన్ని ఏ షెడ్డులోనూ పెట్టించుకోలేం.

తక్కువ ధరకు కారు తయారు చేయడం తప్పని నేను అనను. స్కూటర్ మీద నలుగురు వెళ్లే కుటుంబానికి కారు అందుబాటులోకి రావాలన్నది మంచి ఆలోచనే. మొదటి గో కారులో మ్యూజిక్ సిస్టమ్ తీసేసి ఫోన్ పెట్టుకునే స్టాండు ఇచ్చారు, హ్యాండ్‌బ్రేక్‌ను సీట్ల మధ్య నుంచి తీసి డ్యాష్‌బోర్డు కింద లాగే పిడిలా పెట్టారు. ఇలాంటి పొదుపుల మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. మ్యూజిక్ లేకపోతే పాటలు వినం, అంతే. బండి బలంలో పొదుపు చేయడం మాత్రం అన్యాయం. కొనేవాళ్లకు కనిపించని చోట చేసిన పొదుపు అది. షోరూమ్‌లో డోరు తీసి చూస్తే సీట్లు కనబడతాయి గానీ, లోపలి రేకు ఎంత గట్టిదో ఎవరికి కనబడుతుంది? ఇదే విషయంలో నాకు ఇప్పటికీ కోపం.

2018 అక్టోబరులో గో, గో ప్లస్ రెండిటినీ మార్చి విడుదల చేశారు. అప్పటినుంచి అన్ని వేరియంట్లలోనూ ముందు రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఇచ్చారు. ఇంకో మెట్టు ఉంది. ముందునుంచీ పక్కనుంచీ గుద్దించి చూసే పరీక్షలు మన ప్రభుత్వం 2019 అక్టోబరు 1 నుంచి అమ్మకంలో ఉన్న అన్ని కార్లకూ తప్పనిసరి చేసింది. ముందు గుద్దే పరీక్ష గంటకు 56 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. అది కనీస ప్రమాణమే, గొప్ప ప్రమాణం కాదు. అయినా కనీసం ఒకటి ఉంది. అందుకని వేలూరు కారు విషయంలో మీరు అడగాల్సిన మొదటి మాట ధర కాదు, తయారైన నెల. ఆర్సీ మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. 2019 అక్టోబరు తర్వాతిదైతే మాట్లాడండి. 2019 మొదట్లోదైతే ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉంటాయి గానీ నేను ఇంకొన్నాళ్లు వెతకమనే చెబుతాను. 2020, 2021 బండ్లు కూడా మార్కెట్లో దొరుకుతాయి.

బ్రోకర్ దగ్గరకు వెళ్లినప్పుడు ఈ ఒక్క పని మీరే చేయండి, మెకానిక్‌కు వదలొద్దు. డ్రైవర్ సీట్లో కూర్చుని, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ వరకు మాత్రమే తిప్పండి. మీటరులో ఎయిర్‌బ్యాగ్ బొమ్మ, ఏబీఎస్ అక్షరాలు వెలగాలి. తర్వాత రెండూ ఆరిపోవాలి, ఏబీఎస్ లైటు ఒక్కోసారి ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరుతుంది. వెలిగిన లైటు ఆరకపోతే అందులో లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే అది ఇంకా చెడ్డ గుర్తు. బండి ఎప్పుడో గుద్దుకుని, ఎయిర్‌బ్యాగులు విచ్చుకుని, కొత్తవి వేయించకుండా లైటు కనెక్షన్ పీకేసి ఉండొచ్చు. స్టీరింగ్ మధ్యలో మూత, మామయ్య కూర్చునే వైపు డ్యాష్‌బోర్డు మీది మూత మిగతా ప్లాస్టిక్ రంగుతో కలిసిందా, అంచుల్లో విడిచినట్టు ఉందా అని పగటి వెలుతురులో చూడండి. "అదేం లేదమ్మా, బల్బు పోయింది" అని బ్రోకర్ అంటే, బాగు చేయించాకే వస్తామని చెప్పి వచ్చేయండి.

మిగతావి మీ నమ్మకమైన మెకానిక్ చూస్తాడు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించమనండి, బ్రోకర్లు ముందే వేడి చేసి ఉంచుతారు. మూడు సిలిండర్ల ఇంజిన్ కాబట్టి నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ కాస్త వణుకుతుంది, అది మామూలే. స్టీరింగ్‌తో పాటు సీటు, అద్దాలు కూడా దడదడలాడితే ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు పోయినట్టు. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. అయిదారేళ్లు దాటిన టైర్లయితే అరగకపోయినా మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. వెనక రెండు వరుసల్లోనూ ప్రతి సీటు బెల్టునూ లాగి, బకిల్‌లో పెట్టి చూడండి. సీటు కవర్ల కింద నలిగిపోయి పడి ఉంటాయవి.

తమిళనాడు రిజిస్ట్రేషన్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. వేలూరులో తక్కువకు వచ్చిందని సంబరపడి కొన్నవాళ్లు తర్వాత ఇక్కడ ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగడం మన జిల్లాలో కొత్త కాదు. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం రావాలి, అది ఫారం 28. పేరు మార్పిడికి 29, 30. లోను ఉండి తీరిపోయి ఉంటే ఫైనాన్స్ పేరు తీయించడానికి 35, దాంతోపాటు బ్యాంకు లెటరు. ఇక్కడికొచ్చాక ఆంధ్రప్రదేశ్ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి వయసు, ధరను బట్టి అది ఎంతవుతుందో ముందే చిత్తూరు ఆర్టీఓలో కనుక్కోండి. మూడు లక్షల పది వేలకు ఆ ట్యాక్స్ కూడా కలిపితే, అదే మోడల్ చిత్తూరులోనో తిరుపతిలోనో మన రిజిస్ట్రేషన్‌తో దొరికేది ఒక్కోసారి చవకగా తేలుతుంది. ఎన్‌ఓసీ చేతికి రాకముందు పూర్తి డబ్బు ఇవ్వొద్దు. "పది రోజుల్లో పంపిస్తాను" అన్న మాటకు విలువ లేదు. బండి మీ పేరు మీదికి మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్సు కూడా మార్పించుకోండి.

ఇంకో దారి కూడా మీకు చెప్పాలి. రెనో ట్రైబర్ అని ఒకటుంది. 2019లో వచ్చింది. అదీ ఏడు సీట్లదే, అదీ నాలుగు మీటర్లలోపే, తయారయ్యేదీ అదే ఒరగడం ఫ్యాక్టరీలో. కానీ చక్రాల మధ్య దూరం 2636 మిల్లీమీటర్లు, గో ప్లస్ కంటే దాదాపు పందొమ్మిది సెంటీమీటర్లు ఎక్కువ, అందుకే మూడో వరుసలో మనిషి కూర్చునే చోటుంది. 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అప్పటి పద్ధతిలో పరీక్షిస్తే పెద్దల రక్షణకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. పాతది కొన్నా మీ రెండు లక్షలకు రాదు, తెలుసు. అయినా మూడు లక్షల పది వేలకు మీరు ఎలాగూ లక్షకు పైగా అప్పు చేయాలి. ఇంకో ఏడాది బాడుగ కారుతో నెట్టుకొచ్చి, ఇంకో చీటీ వేసి, అప్పుడు దీన్ని చూడొచ్చేమో మీ ఆయనతో కూర్చుని లెక్క వేయండి. నెలకు రెండుసార్లు తిరుపతి బాడుగ ఎంతవుతోంది, కారు కొంటే ఇన్సూరెన్సు, సర్వీసు, అప్పు వడ్డీ కలిపి నెలకు ఎంతవుతుంది అని కాగితం మీద పెట్టండి. అప్పు తప్పదనుకుంటే పాత కార్లకు ప్రైవేటు ఫైనాన్స్ వాళ్లు వేసే వడ్డీ చాలా ఎక్కువ. బ్యాంకులో బంగారం పెట్టి తీసుకుంటే సాధారణంగా అంతకంటే తక్కువకే వస్తుంది.

ఇదంతా అయ్యాక కూడా మీరు వేలూరు గో ప్లస్సే తీసుకుంటే, దాన్ని ఏడు సీట్ల కారు అని మర్చిపోండి. మూడో వరుసను పడుకోబెట్టేయండి. అప్పుడు 347 లీటర్ల డిక్కీ వస్తుంది, మామయ్య వాకర్, ఆస్పత్రి ఫైళ్లు, టిఫిన్ క్యారియర్ అన్నీ పడతాయి. ముందు సీటు మామయ్యకు ఇవ్వండి, మోకాళ్లు చాపుకోవడానికి అదే మంచిది. సీటును వెనక్కి జరిపి పెడితే ఎక్కడం, దిగడం కూడా తేలిక. అత్తమ్మ, పిల్లలిద్దరూ మధ్య వరుసలో, అందరికీ బెల్టులు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే చట్టం ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా ఉంది. దానికోసం కాదు, పిల్లల కోసమే పెట్టండి. అయిదేళ్ల బాబుకు పెద్దల బెల్టు మెడ మీదికొస్తుంది. బాబును కాస్త ఎత్తులో కూర్చోబెట్టే బూస్టర్ సీటు ఒకటి కొనండి, వేలల్లోనే వస్తుంది. బాబును అత్తమ్మ ఒళ్లో మాత్రం కూర్చోబెట్టొద్దు. మన ఇళ్లలో ఇది చెప్పడం కష్టమని నాకు తెలుసు, "నేను పట్టుకుంటాలే" అంటారు పెద్దవాళ్లు. బండి గుద్దుకున్న క్షణంలో ఎంత బలమున్న మనిషీ బిడ్డను పట్టి ఉంచలేరు.

ఆరుగురూ కలిసి వెళ్లక తప్పని రోజు, ఊళ్లో పెళ్లికో కాణిపాకానికో అయితే, మూడో వరుసలో మీరు కూర్చోండి, పిల్లలు కాదు. దగ్గర దూరం, నెమ్మది వేగం. తిరుమల కొండకు ఆరుగురితో ఈ బండి ఎక్కించొద్దు. 68 హార్స్‌పవర్ ఇంజిన్ అంత బరువుతో, ఏసీ వేసుకుని మలుపుల్లో ఆయాసపడుతుంది. ఎక్కడం ఎలాగో ఎక్కుతుంది, దిగేటప్పుడు అంత బరువూ బ్రేకుల మీదే పడుతుంది. కొండకు ఆర్టీసీ బస్సు ఉండనే ఉంది. నలుగురే వెళ్లినా ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులోనే దింపమని మీ ఆయనకు చెప్పండి, న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగుల్చుకుందాం అనుకోవద్దు.

స్నేహితుడికి ఎలా చెప్పాలా అని మీ ఆయన ఇబ్బంది పడతారేమో. బండి బాగాలేదని అనక్కర్లేదు. పిల్లల కోసం ఎయిర్‌బ్యాగులున్నది చూసుకుంటున్నాం అంటే చాలు, పిల్లలున్న ఏ మనిషైనా అర్థం చేసుకుంటాడు.

వేలూరు కారు ఆర్సీ రెండువైపులా, సర్వీసు బుక్కు పేజీలు ఫొటో తీసి పంపించండి. తయారైన నెల, సర్వీసు జరిగిన తేదీలు చూసి, బేరం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. ఈలోగా ఎవరికీ టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకండి.